తెలియదు అని రాయాల్సిన చోట

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసాగా ఉన్నాం, నా ఉద్యోగం ఒక్కటే కాస్త నలతగా ఉంది. నువ్వూ, చెల్లీ, చెల్లి పసిగుడ్డూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ అల్లుడి నడుం నొప్పి తగ్గింది. కుర్చీ మార్చాక తగ్గింది కాబట్టి నేరం కుర్చీదేనని, తన కూర్చునే తీరుది కాదని ఆయన వాదన. వంటింటి కుళాయి బాగుచేయించాను. జుట్టుకు రంగు మానేశావా అని అడిగావు, మానేశాను. ఫొటోలో పోల్చుకోలేకపోయానన్నావు, అలవాటు చేసుకో.

ఇక చివర్లో రాసిన ప్రశ్న. "ఆఫీసులో పెద్దవాళ్ళతో తగువు పెట్టుకున్నావని చెల్లి చెప్పింది. తప్పు వాళ్ళదా, నీదా? దాచకుండా రాయి" అన్నావు. ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా తప్పుడు త్రాసులు పట్టుకున్నదానివి, ఇలా కాక ఇంకెలా అడుగుతావు. మొదటినుంచి రాస్తాను, ఓపిగ్గా చదువు.

మా కంపెనీ పని గురించి ఒకసారి చెప్పబోతే "అద్దె గదుల్లాంటివా" అన్నావు. దాదాపు అంతే. ఒక పెద్ద కంప్యూటర్‌ను పదిమందికి పంచి ఇస్తాం. ఎవరికి వారు తమకో సొంత కంప్యూటర్ ఉందనుకుని పని చేసుకుంటారు. అది మా ప్రోగ్రాం కల్పించిన కంప్యూటర్. వర్చువల్ మెషీన్ అంటాం. అసలు ప్రాసెసర్ లోపల కొన్ని కౌంటర్లు ఉంటాయి. ఎన్ని ఆదేశాలు నడిచాయి, మెమరీ నుంచి అంకెలు రావడానికి ఎంతసేపు ఊరికే ఆగాల్సి వచ్చింది, అన్నీ అవి లెక్కపెడతాయి. ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంటే ఎక్కడ ఇరుక్కుందో తెలిసేది వాటివల్లే. కానీ మా వర్చువల్ మెషీన్ లోపలినుంచి చూస్తే, ఎంత పెద్ద పని పెట్టినా, ఊరికే ఆగిన సేపు ఎప్పుడూ సున్నాయే.

మా యంత్రాలు వాడుకునేవాళ్ళలో వరద అంచనాలు కట్టే కార్యాలయం ఒకటి ఉంది. అక్కడ లెక్కలు చూసే ఆవిడను మేం వరదమ్మ అనేవాళ్ళం. మొదట్లో వెక్కిరింతకే అలా పిలిచాం, ఇప్పుడు నేను గౌరవంగానే అంటున్నాను. ఆవిడ ప్రోగ్రాం నలభై నిమిషాల్లో ముగియాలి. ఒక్కోరోజు రెండు గంటలు పట్టేది. పోయిన వానల్లో ఒక ఊరికి హెచ్చరిక వెళ్ళేసరికి నీళ్ళు గడపలు దాటేశాయి. మనుషులు మిద్దెలెక్కి బతికారు. కట్టేసి ఉన్న పశువులు బతకలేదు.

ఆవిడ ఫిర్యాదు చేసిన నాలుగుసార్లూ "లోపం మీ ప్రోగ్రాంలోనే ఉంది" అని మావాళ్ళు చేతులు దులుపుకున్నారు. అయిదోసారి ఫోను నా దగ్గరకు వచ్చింది.

"మేడమ్, నేను తప్పు చేసుంటే ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ చేశానో చూపించండి. ఆ ఊరివాళ్ళు నన్నడుగుతున్నారు, నేనేం చెప్పాలి?" అంది.

రెండు రోజులు తవ్వినా బయటినుంచి ఏమీ తేలలేదు. ఆవిడ యంత్రం లోపల కౌంటర్లు నిజం చెబితే తప్ప తేలదని మా మేనేజరుకు రాశాను. ఆయన నన్ను గదిలోకి పిలిచి, అచ్చువేసిన నివేదిక ఒకటి ముందుకు తోశాడు. లోపం వినియోగదారు ప్రోగ్రాందే అని ఉంది అందులో. కింద నా పేరు, పక్కన ఖాళీ.

"సంతకం పెట్టండి. అయిపోతుంది."

"నాకు తెలియని విషయం మీద సంతకం ఎలా పెట్టను?"

"తెలియకపోవడం ఏమిటండీ, పాతికేళ్ళ అనుభవం మీది."

"అందుకే తెలియదని చెప్పగలుగుతున్నాను" అని లేచి వచ్చేశాను.

మర్నాడే నా బల్లను మెట్ల కింద, పాత ప్రింటర్లు పెట్టే గదిలోకి మార్చారు. మా యంత్రాలను ఎలా వాడాలో వివరించే పుస్తకాలు తిరగరాసే పని ఇచ్చారు. పుస్తకాలు రాస్తూనే, ఆ గదిలోనే కౌంటర్ల పని మొదలుపెట్టాను. వద్దని ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేదు. చెప్పినా ఆగేదాన్ని కాదు.

అడ్డం పడిన మరో మనిషి మా భద్రత విభాగం పెద్ద. అందరూ తాళాలాయన అంటారు. ఆయన అభ్యంతరం మాత్రం న్యాయమైనది. "ఒకే ప్రాసెసర్ మీద వంతులవారీగా పదిమంది నడుస్తారు. కౌంటర్ తెరిస్తే పక్కవాడి అంకెలు వీడికి కనబడతాయి. వాటిని పట్టుకుని పక్కవాడి గుట్టు లాగేవాళ్ళున్నారమ్మా" అన్నాడు. సరే, కనబడకుండా చేస్తానన్నాను. ఒకరి వంతు అయిపోగానే కౌంటర్లలో వాళ్ళ అంకెలు తీసి దాచాలి, వచ్చేవాళ్ళకు వాళ్ళు పోయినసారి వదిలిన అంకె దగ్గరనుంచే మొదలుపెట్టాలి. మా సొంత ప్రోగ్రాం మధ్యలో నడిచిన లెక్క ఎవరి ఖాతాలోనూ పడకూడదు. చెప్పడానికి మూడు వాక్యాలు, చేయడానికి మూడు నెలలు. క్షణానికి వేలసార్లు జరిగే మార్పిడి అది, ఒక్కచోట తడబడినా ఒకరి లెక్క ఇంకొకరి నెత్తిన పడుతుంది.

పక్కవాడి అంకెలు లాగడానికి తాళాలాయన తానే రెండు వారాలపాటు దొంగలా ప్రయత్నించాడు. మూడో వారం మెట్ల కిందికి దిగి వచ్చి, ప్రింటరు మీద కూర్చున్నాడు.

"ఏమీ దొరకలేదు. పక్కవాడు ఉన్నాడో లేడో కూడా తెలియడం లేదు. ఒక్క వినియోగదారుకు తెరిచి చూడటానికి అనుమతి నేనిస్తాను" అన్నాడు. భుజం తట్టలేదు, మెచ్చుకోలేదు. అనుమతి కాగితం మాత్రం నింపి తెచ్చాడు.

ఇక్కడిదాకా చదివి నువ్వు మురిసిపోయి ఉంటావు. చెల్లికి కూడా ఇంతవరకే చెప్పాను. మిగతాది దానికి చెప్పడానికి నోరు రాలేదు.

కౌంటర్లు తెరిచే ముందు వరదమ్మతో ఫోనులో సమావేశం పెట్టారు. దానికి అయిదు నిమిషాల ముందు మేనేజరు నా చేతిలో ఒక పాత కాగితం పెట్టాడు. మా ప్రోగ్రాంలో ఎవరు ఏం మార్చారో రాసి ఉంచే తొమ్మిదేళ్ళనాటి చిట్టాలోది. ఒకే ఒక్క లైను. పక్కన నా పేరు.

"ఆ సున్నా ఎవరిదో ఆవిడకు తెలియాలంటారా? నివేదిక మీద సంతకం పెట్టండి, ఇది ఇక్కడే చించేస్తాను" అన్నాడు నెమ్మదిగా.

నిజమే అమ్మా. ఆ సున్నా నేను రాసిందే. అప్పట్లో వర్చువల్ మెషీన్ లోపలి ప్రోగ్రాములు కౌంటర్లను చదవబోయి కుప్పకూలేవి. మా ప్రోగ్రాం విడుదలకు రెండే రోజులున్నాయి. ఎవరైనా అడిగితే సున్నా అని చెప్పమని ఒక్క లైను రాసి ఇంటికి వెళ్ళిపోయాను. ఈ కౌంటర్లు ఇక్కడ పనిచేయవు అని నిజం చెప్పించాలంటే ఇంకో వారం పట్టేది. "తర్వాత" చూద్దాం అనుకున్నాను. ఆ "తర్వాత" తొమ్మిదేళ్ళపాటు రానేలేదు. వరదమ్మ ఫోను చేసిన రోజే నాకు గుర్తొచ్చింది. అయినా సంతకం పెట్టనని మేనేజరు ముందు తలెత్తుకుని నిలబడ్డాను తప్ప, నా సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. నువ్వడిగావు కదా, తప్పు ఎవరిదని. వాళ్ళది ఉంది, కానీ మొదటిది నాది. త్రాసులో దొంగ గుండు పెట్టినవాళ్ళ మాట నువ్వెలా చెప్పేదానివో గుర్తుంది. అందుకే ఈ పేరా రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ కాగితం పట్టుకునే లోపలికి వెళ్ళాను. ఫోను కలవగానే, ఎవరూ మాట్లాడకముందే, "మీరు చూసిన సున్నాలు లెక్కలు కావు. తెలియదు అని రాయాల్సిన చోట నేను సున్నా రాశాను" అని చెప్పేశాను. మేనేజరు కలం బల్ల మీద పెట్టేసి కిటికీవైపు తిరిగాడు.

అవతలినుంచి వరదమ్మ గొంతు వచ్చింది.

"ఆ సున్నా నమ్మి మెమరీవైపు చూడనే లేదు నేను. ప్రోగ్రాం మూడుసార్లు మొదటినుంచి తిరగరాశాను" అంది.

"తెలుసు."

"మీకు తెలియదు. సరే, ఇప్పుడు అసలు లెక్కలు చూపించండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

చూపించాం. ప్రాసెసర్ మూడొంతుల సమయం మెమరీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోంది. ఆవిడ ప్రోగ్రాం ఒక ప్రాసెసర్ మీద నడుస్తుంటే, దాని మెమరీలో సగాన్ని మావాళ్ళ ఏర్పాటు పక్క ప్రాసెసర్ దగ్గర పెడుతోంది, అక్కడినుంచి అంకెలు రావడం ఆలస్యమవుతోంది. అదీ ఒక్కోరోజు మాత్రమే, ఆవిడ వర్చువల్ మెషీన్ ఆరోజు ఎక్కడ మొదలైతే దాన్నిబట్టి. లోపం పూర్తిగా మాది. మధ్యాహ్నంలోగా సరిచేశాం. ముప్పై ఆరు నిమిషాల్లో లెక్క ముగిసింది. ఆవిడ థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు.

పోయిన సోమవారం నామీద విచారణ జరిగింది. హోదాలో ఒక మెట్టు కిందికి దించారు. కౌంటర్లను మాత్రం అందరికీ తెరవాల్సిందేనని తాళాలాయన పట్టుబట్టాడు, ఒప్పుకోక తప్పలేదు. పాత ప్రాసెసర్లున్న చోట అవి పనిచేయవు. అక్కడ సున్నా తీసేసి "ఈ లెక్క అందుబాటులో లేదు" అని చూపించే మార్పు నేనే చేశాను, నా పేరుతోనే. అది చూడ్డానికి బాగోలేదని, తీసేయమని మేనేజరు రెండుసార్లు కబురు పంపాడు. తీయనని రెండుసార్లూ రాసి పంపాను.

నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు, పడతాను. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమని మాత్రం రాయకు, రాను. మెట్ల కింద గది ఖాళీ చేయమన్నా చేయను. అక్కడ వెలుతురు బాగుంది.

కంపెనీ పరువు తీసినందుకు క్షమాపణ పత్రం ఇవ్వాలని విచారణలో షరతు పెట్టారు. నిన్న ఇచ్చేశాను. కంపెనీకి కాదు. ఈ తొమ్మిదేళ్ళలో ఆ సున్నాను చదివిన పదకొండు కార్యాలయాలకు, ఒక్కొక్కరికి వేరువేరుగా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నమ్మకూడదో రాసి పంపాను. మొదటిది వరదమ్మకు. ఒక నకలు మేనేజరు బల్ల మీద పెట్టాను. సంతకం పెట్టారా అని ఆయన అడగలేదు, పెట్టే ఉంది.

ఇట్లు,
దాచకుండా రాసిన
నీ పెద్దమ్మాయి