జారే ముడికి జిగురు

ఉప్పాడ, 11-11-2024

చి. జయపాల్‌కు, నీ కూతురు తబిత ఏడ్చి ఏడ్చి ఇప్పుడే అన్నానికి కూర్చుంది. ఫోనులో అయితే నవ్వి కొట్టిపారేస్తావని కార్డు రాస్తున్నాను.

నిన్న ఆరాధన అయ్యాక వచ్చి, దాని రెండు తాళ్ళ గాలిపటాన్ని ఆ తాళ్ళకు కలిపే సూత్రం ముడి జారుతోందని జిగురు పోసి బిగించి వెళ్ళావు. అది జరుపుకోవడానికే కట్టిన ముడి. పొద్దుట గాలి పలచగా ఉంటే పటం ముక్కువైపు, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక కిందికి జరపాలి. నువ్వు దాన్ని కిందే అతికించేశావు, ఈ ఉదయం పటం ఇసుక మీంచి లేవనే లేదు. పై శనివారమే పోటీ. అయినా, "నాన్ననేం అనకండి నానమ్మా" అంటోంది పిల్ల.

కోడలు కృపారాణికి దగ్గు తగ్గిందా? దేవుడు మీకు ఆరోగ్యాన్ని, నీకు అదనంగా బుద్ధిని ఇవ్వాలి.

1. శుక్రవారానికి కొత్త దారంతో రా.
2. సూత్రం తబితే కడుతుంది, నువ్వు పటం పట్టుకో.
3. ముందు సారీ చెప్పు. నన్ను చూసి కాదు, దాని మొహం చూసి.