లేజరు పూడ్చిన సొట్ట

శుక్రవారం రాత్రి, 1988

ఇన్నేళ్ల వాచీ రిపేరులో ఇలాంటిది చూడలేదు! పడవ నడిపే మునుసామన్న వాచీకి బెల్టు తగిలించే కొమ్ము విరిగితే, లేజరుతో చిటికెలో అతుక్కుంది. నేను అలవాటుగా తడిగుడ్డ పట్టుకుని నిలబడితే, ఫ్యాక్టరీలో ఆ మిషను నడిపే మా బామ్మర్ది నవ్వాడు.

"ఏంది బావా, చేత్తో పట్టుకో, కాలదులే!"

నిజంగానే చల్లగా ఉంది. నా గ్యాసు మంటకైతే స్టీలు నీలంగా కమిలిపోయేది. ఆ ఊపులో కేసు మీది సొట్ట కూడా పూడ్పించి, అద్దంలా మెరుగుపెట్టాను.

ఇప్పుడు గుర్తొచ్చింది. తేంగాయితిట్టు రేవులో పడవ గొలుసు దెబ్బ ఆయన చేతికి తగలకుండా కాసింది ఆ వాచీయే. "చూడండప్పా, నా చెయ్యి ఉండాదంటే ఈ సొట్టే సాచ్చి" అని అందరికీ చూపిస్తాడు.

పొద్దున్నే వస్తాడు. మళ్లీ సొట్ట పెడదామని సుత్తి పట్టుకుని ఎంత వెతికినా, ఆ సొట్ట ఎక్కడుండేదో తెలియడం లేదు. అబ్బ, ఏం పనితనం!