ఎడమకు తిప్పితే కుడికి

హోరేస్,

మీ అన్నయ్య పోయిన రోజున, "వదినా, ఆ పడవైనా మిగిలుంటే బావుండేది" అన్నావు. వైద్యం కోసం అమ్మేసిన ఆ పడవే కొత్త పేరుతో మన్నమ్ రేవులో అమ్మకానికి ఉందని నా అనుమానం. నాకు బడి ఉంది. నువ్వు వెళ్లి బేరం చెయ్యి.

నీళ్లలో చూసి మురిసిపోకు. గట్టు మీదికి లాగించి, అడుగు చెక్కను చాకు మొనతో గుచ్చి చూడు. మెత్తగా దిగితే ధర తగ్గించమను. అమ్మే హాక్లీ, "టీచరమ్మా, పేరున్న కార్ఖానా సరుకిది!" అన్నాడు. హోంవర్కు ఇంట్లో మరిచిపోయామనే పిల్లల మాటల్లాగే శ్రద్ధగా విన్నాను. మన పడవను మీ అన్నయ్య క్లెమ్ మన పెరట్లోనే కట్టారు.

నువ్వెప్పుడూ ఎక్కలేదు కాబట్టి గుర్తు చెబుతున్నాను. మళ్లీ నీళ్లలోకి దింపించి, చుక్కాని చక్రం ఎడమకు తిప్పు. పడవ కుడికి తిరిగితే అది మనదే. చక్రాన్ని చుక్కానికి కలిపే గొలుసులు తారుమారుగా బిగించింది మీ అన్నయ్యే. సరిచెయ్యమని పోరితే, "నా చక్రం బాగానే ఉందోయ్, ఈ ముర్రే నదే వంకర" అనేవారు.

ఆ లోపం చూపించి గట్టిగా బేరమాడు. హాక్లీ బాగుచేసి ఇస్తానంటే మాత్రం ఒప్పుకోకు.

వినీ వదిన

పొయ్యిలో మాంసం కూరిన రొట్టె ఉంది. ఆయన కుర్చీలోనే కూర్చుని తిను, ఫర్వాలేదు. ఆ చక్రంతో పడవ నడపడం నేర్పుతానన్నారు. నేనింకా నేర్చుకోలేదు.