నసీబ్ కౌర్ పేరు కొట్టివేయుట గురించి

జిల్లా డిప్యూటీ కమిషనర్ గారి సముఖమునకు, పంజాబు, కోట్ రామ్‌సర్ గ్రామ రైతు బచిత్తర్ సింగ్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వరిగడ్డి తగలబెట్టినవారి జాబితా నుండి నా భార్య, కీర్తిశేషురాలు నసీబ్ కౌర్ పేరు తొలగించుట గురించి.

1. జాబితాలో చూపిన పొలము నా భార్య పేరిట ఉన్నది. ఆమెకు ఉబ్బసము. కోతలయ్యాక, నిషేధమున్నా, ఊరంతా పొలాలకు నిప్పు పెట్టగానే ఆమెకు ఊపిరాడేది కాదు. అందుచేత మూడేళ్లుగా మేము పొలం తగలబెట్టలేదు. గొయ్యి తవ్వి, ఎండుగడ్డి కొద్దికొద్దిగా వేస్తూ పైనుండి మండించి, బూడిద కాకముందే నీళ్లు పోసి బొగ్గు చేసి, పేడతో కలిపి మడికే వేస్తున్నాము. గడ్డిలోని కర్బనము గాలిలో కలవక నేలలోనే ఉండునని వ్యవసాయ శిబిరములో చెప్పిరి. పైన మంట ఉన్నంతసేపు పొగ రాదు. నీళ్లు పోసే అదను ఆమెకే తెలుసు. గొయ్యికి ఎడంగా మంచం వేసుకుని, పైపొర తెల్లబడగానే "పోయండి సర్దార్జీ, ముహూర్తం పెట్టించాలా?" అని కేకలేసేది.

2. గత కార్తీకములో ఉపగ్రహమునకు మా మంట కనబడినదని పట్వారీ గారు ఇద్దరు మనుషులతో వచ్చిరి. "ఇది బొగ్గు గొయ్యి బాబూజీ, కాసేపాగండి, మేమే ఆర్పుతాం" అని ఆమె చేతులు జోడించింది. "మంటంటే మంటే బీబీజీ. ఆర్పకపోతే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నారాయన. మా నీళ్ల డ్రమ్ములు పక్కనే ఉండగా, మంట అణచుటకని గట్టున ఉన్న తడిగడ్డి తెచ్చి గొయ్యిలో కుమ్మరించిరి. అప్పటిదాకా లేని పొగ అప్పుడు లేచింది. దానినే ఫోటో తీసిరి. ఆ ఫోటోలో పొగ వెనుక మంచం మీద దగ్గుతున్నది నా భార్యే.

3. నాలుగవ రోజున ఆసుపత్రిలో పోయింది.

4. పదోనాడు గురుద్వారాలో ఆమె అంతిమ భోగ్ ప్రార్థనకు బంధువులంతా కూర్చుని ఉండగా నోటీసు వచ్చినది. సదరు నసీబ్ కౌర్ స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకొనవలెనట. ఎక్కడినుంచి రమ్మంటారయ్యా? మరణ ధ్రువపత్రము జతపరచితిని.

5. జాబితా పంచాయతీ గోడకు అతికించారు. పాలకు వెళ్లేవాళ్లంతా చదువుతున్నారు. "పొగ పడదు పడదంటూ తనే తగలబెట్టిందన్నమాట" అనుకుంటున్నారు. వినలేకపోతున్నాను. జరిమానా మాఫీ అడగడం లేదు. ఆమె పేరు ఒక్కటి కొట్టెయ్యండి.

ఇంతకుమించి నాకు రాయడం చేతకాదు, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బచిత్తర్ సింగ్

తా.క. జాబితాలో లెక్క తగ్గకూడదంటే ఆ వరుసలో నా పేరు రాసుకోండి. వాళ్లు తడిగడ్డి వేస్తుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపలేదు. సర్కారు మనుషులు కదా అని పక్కకు తప్పుకుని దారిచ్చాను. ఆమె దగ్గుతూ నా వైపే చూసింది. నా పేరే రాయండయ్యా.