వెనక వరుసలో ‘తోత్రం’

1997 జనవరి, శనివారం, ఆత్మకూరు

మా చర్చి క్రిస్మస్ పాటల క్యాసెట్టు తీసుకెళ్లి, అంగట్లో మూడు ఫారిన్ హెడ్‌ఫోన్లు మార్చి మార్చి విన్నాను.

“మొదటిది తీసుకో సార్, బేస్ అదిరిపోతాది” అన్నాడు అంగడాయన. అందులో డోలక్ మోతే తప్ప మనుషులు లేరు. మూడోదానిలో మాత్రం, అందరూ ‘స్తోత్రం’ అనేశాక ఒక గొంతు ఆలస్యంగా ‘తోత్రం’ అంది. మా అవ్వ! మైకుకు దూరంగా, వెనక వరుసలో కూర్చోబెట్టిన మా అవ్వ! అదే కొన్నాను.

ఇంటికొచ్చి అవ్వ చెవులకు పెట్టాను. కాసేపు విని, “ఎవుర్రా ఈ ముసిల్ది, తాళం తప్పతా ఉండాది?” అంది.

నువ్వేనని చెప్పకుండా, టేపు వెనక్కి తిప్పి ఆ ‘తోత్రం’ మళ్లీ మళ్లీ విన్నాను. ఇన్నిసార్లు తిప్పితే టేపు అరిగిపోతుందేమో... ఆ దిగులు రేపు పడతాను. ఇవాళ్టికి దేవునికి తోత్రం.