ముచ్చిక మీద కోత

జూన్ 4

మాతో పని చేయించే మేస్త్రి మా అక్క చేతిని తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. గాలికి కొట్టుకుందని అందరికీ చెబుతున్నాడు. గాలా? తేనెటీగ దూరకుండా చుట్టూ వల కట్టిన ఈ టమాటా విత్తనాల షెడ్డులో ఆకు కూడా కదలదు. కుడి చెయ్యి. చూపుడు వేలు, మధ్య వేలు. ఆ చప్పుడు నేను విన్నాను. పచ్చి కాడ విరిచినట్టుంది.

కారణం, విత్తనం కల్తీ అట. కంపెనీ వాళ్ళు సాంపిల్ మొలకెత్తించి చూస్తే కొన్ని హైబ్రిడ్ కాని ఉత్త తల్లి రకం మొక్కలే వచ్చాయట. అవి అక్క వరుసలవట.

జూన్ 5

ఫ్రాక్చర్. కట్టు కట్టారు. జడ వేసుకోలేక నన్ను పిలిచింది. ఆ రిబ్బను మేస్త్రి గొంతుకి బిగిస్తున్నట్టు ఊహించుకున్నాను. నా తల ఏం పాపం చేసిందే, కాస్త మెల్లగా లాగు అంది.

జూన్ 7

టమాటా పువ్వులో ఆడా మగా ఒకే ఇంట్లో కాపురం. వదిలేస్తే తన పుప్పొడి తన మీదే రాలి కాయ అవుతుంది. హైబ్రిడ్‌కి అది పనికిరాదు. అందుకే మొగ్గ విచ్చకముందే ట్వీజర్స్‌తో చీల్చి, పసుపుపచ్చ కేసరాల గొట్టం, అంటే మగ భాగం, పీకేస్తాం. మధ్యలో ఆడ భాగం, కీలం ఒక్కటే దారప్పోగులా నిలబడుతుంది. తర్వాత వేరే రకం మొక్క పుప్పొడి దాని కొసకి అద్దుతాం. అద్దిన గుర్తుగా పువ్వు అడుగున ఉండే ముచ్చిక రేకల్లో రెండు కత్తిరిస్తాం. రెండు రేకలు తెగిన కాయే విత్తనానికి. అన్నీ ఉన్నది తనంతట తాను కాసిన కాయ, తెంపి పారేస్తాం.

దీని పేరు పరపరాగ సంపర్కం. అట్ట ఊడిన బడి పుస్తకంలో చదివాను. మా వరుసలో అందరికంటే పెద్దావిడ, మేమంతా పిన్నీ అంటాం, ఆవిడ మాత్రం పెళ్ళి అంటుంది. అక్క చేతిలో మొగ్గకి నొప్పే తెలియదట. నేను పట్టుకుంటే జ్వరం వస్తుందట.

జూన్ 8

ఇవాళ ఒలిచిన ప్రతి మొగ్గా మేస్త్రి మెడే.

జూన్ 10

దొరికాడు.

పువ్వప్పుడు కత్తిరించిన రేక కాయతో పాటే పెరుగుతుంది. తెగిన అంచు ఎండి, గోధుమరంగుకి తిరిగి, ముడుచుకుంటుంది. అక్క వరుసలో కొన్ని కాయలకి ఆ అంచు పచ్చగా, తడిగా, గీత గీసినట్టు ఉంది. కాయ ముదిరాక కత్తిరించింది! బుట్టలు నిండట్లేదని ఓనరు తిడుతుంటే, పారేయాల్సిన కాయలకి మేస్త్రి గుర్తు పెట్టి బుట్టలోకి ఎక్కిస్తున్నాడు. ఇంకా ఆపలేదు.

పిన్నికి చూపించాను. అందరూ భోజనానికి వెళ్ళాక మేస్త్రి కత్తెర పట్టుకుని అక్క వరుసలో తిరగడం తను చూసిందట. మొక్కలకి క్షవరం చేస్తున్నాడనుకుందట. ఇన్నాళ్ళూ నోరెందుకు మూసుకున్నావని అరిచాను. నా వేళ్ళు నాకు కావాలి కదే తల్లీ అంది.

రాత్రి ఇంట్లో బావ కూడా అంతే. పోనిద్దూ మరదలా, వాడితో మనకెందుకు అన్నాడు. కంచం విసిరాను. గోడకి తగిలింది. బావకి గురిపెట్టాను.

జూన్ 11

కొట్టాను.

కాయలు మేస్త్రి ముందు పోసి, ఈ కోత ఎవరిదని అడిగాను. చదువెక్కువైందే కందిరీగా, ఇంటికెళ్ళి మీ అక్కకి గోరుముద్దలు పెట్టుకో పో అన్నాడు. నవ్వాడు. చేతిలో ఉన్న ప్లాస్టిక్ ట్రే ముఖాన వేసి కొట్టాను. ముక్కు పగిలింది. జుట్టు పట్టి నా తలని ఇనప స్తంభానికి బాదాడు, ఒకసారి కాదు. నోట్లో ఉప్పగా నెత్తురు. మణికట్టు కొరికేశాను. అరుస్తూ వంగిపోయాడు. ఆ చేతిని అలాగే అదే తలుపు సందులోకి ఈడ్చుకెళ్ళాను. తలుపు పట్టుకున్నాను.

పిన్ని వెనక నుంచి నా నడుం వాటేసుకుంది. వేశావంటే వీడు ఆసుపత్రికీ నువ్వు జైలుకీ పోతారు, మీ అక్క మీద పడ్డ మచ్చ మాత్రం ఎక్కడికీ పోదు అంది.

వెయ్యలేదు. వాడి చెయ్యి వదిలేశాను.

ఓనరు వచ్చి నన్ను ఇక పనికి రావద్దన్నాడు. మేస్త్రికి మంచినీళ్ళు ఇచ్చాడు.

జూన్ 12

వెళ్ళాను. మేస్త్రి ముక్కుకి కట్టుతో ఇంట్లో పడున్నాడు. ఆడవాళ్ళెవరూ నన్ను ఆపలేదు. అందరం కలిసి షెడ్డంతా మొగ్గలు ఒలిచాం. పుప్పొడినిచ్చే మగ మొక్కల మీద విచ్చిన పువ్వు, విచ్చబోయే మొగ్గ ఏదీ మిగల్చలేదు. పుప్పొడంతా దులిపి సీసాలో పోశాం. అక్క కూడా వచ్చింది, ఎడమ చేత్తో ఒలిచింది. సీసా నా దగ్గరే దాచమని మొదట అన్నది పిన్నే.

జూన్ 13

ఓనరు గది గోడ మీద బొగ్గుతో రాశాను:

ఒలిచిన కీలాలన్నీ పుప్పొడి కోసం చూస్తున్నాయి. రేపు సాయంత్రానికి ఎండి నల్లబడతాయి, ఒక్క కాయా పట్టదు. పుప్పొడి మా దగ్గర ఉంది. కాయల ముచ్చికలు కత్తిరించింది నేనే, తలుపు వేసింది నేనే అని మేస్త్రి ఆ తలుపు దగ్గరే నిలబడి, అందరూ వినేలా, మా అక్కతో చెప్పాలి. రేపు సాయంత్రం లోపు.