క్రియాటినిన్ కాగితం

విశాఖపట్నం,
ఆదివారం.

చెల్లి అశ్వినికి,

అన్నయ్య దీవెనలు. ఫోన్ చేస్తే నీ దగ్గరున్న అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. అందుకే ఇది రాసి మన ఊరి నారాయణరావు చేతికిచ్చి పంపుతున్నాను. అమ్మ లేనప్పుడు చదువుకో.

నాకున్నది పచ్చకామెర్లు కాదే. లివర్ క్యాన్సర్. ముదిరిపోయింది, ఆపరేషన్ చెయ్యలేమని ఇక్కడ ఆసుపత్రిలో అన్నారు. మీ వదిన బయట వరండాలో ఏడ్చి, ముఖం కడుక్కుని లోపలికొస్తోంది. నాకైతే నవ్వొస్తోంది. నాన్న డయాలసిస్‌లో పోయిన నాటినుంచి క్యాను నీళ్లు తప్ప ముట్టలేదు. కంచిలిలో ఎప్పుడు కిడ్నీ క్యాంపు పెట్టినా కొబ్బరి దింపు మానుకుని మరీ పరీక్షకి రక్తం ఇచ్చాను. మన ఊళ్లల్లో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోతుంటే నా భయమంతా దాని మీదే. కుడి డొక్కలో నొప్పి మొదలైతే అదీ కిడ్నీయేనని క్రియాటినిన్ చూపించుకున్నాను. బాగుందన్నారు, జీడితోటలో పనికి పోయాను. అలా ఎనిమిది నెలలు గడిపేశాను.

ఇది హెపటైటిస్ బి అనే వైరస్ వల్ల వచ్చిందట. పుట్టినప్పుడే తల్లి రక్తం నుంచి అంటుకుని ఉంటుందనీ, నలభై ఏళ్లు చప్పుడు లేకుండా లోపలే ఉండిపోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. తోడబుట్టినవాళ్లు ఉన్నారా అని అడిగింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

నీ దగ్గర ఒకటి దాచానమ్మా. ఆరేళ్ల క్రితం సోంపేటలో రక్తదానం చేస్తే, నాకు ఈ వైరస్ ఉందనీ, పెద్ద డాక్టరుకి చూపించుకోమనీ కాగితం ఇచ్చారు. సరిగ్గా అప్పుడే నీ సంబంధం కుదిరింది. మీ అత్తవారు మనింట్లో అందరి క్రియాటినిన్ కాగితాలూ అడిగారు. అవి చూపించి, దీన్ని బియ్యం డబ్బాలో అడుగున పెట్టేశాను. నీ పెళ్లి చెడిపోతుందని భయం. ఒంట్లో ఏ బాధా లేదు కదా అనుకున్నాను. దీనికి మందుంటుందని కూడా నాకు తెలీదు.

నువ్వూ నీ కూతురు ప్రియా రేపే రక్తం చూపించుకోండి. అమ్మకి మాత్రం చెప్పకు. తన కడుపులోంచే వచ్చిందని తెలిస్తే తట్టుకోలేదు.

నీ అన్నయ్య,
కూర్మారావు


పలాస,
మంగళవారం.

అన్నయ్యా,

ఏ ముఖం పెట్టుకుని రాయను? ఈ వైరస్ సంగతి నాకు ముందే తెలుసు.

ప్రియ కడుపులో ఉన్నప్పుడు పరీక్ష చేస్తే నాకూ అదే ఉందని తేలింది. అది పుట్టిన రోజే రెండు ఇంజక్షన్లు వేశారు, దానికి అంటలేదు. మీ బావ టీకా వేయించుకున్నారు. నేను ఆర్నెల్లకోసారి స్కానింగుకి వెళ్తున్నాను, రోజూ మాత్ర వేసుకుంటున్నాను. అన్నదమ్ములుంటే చెప్పమ్మా, మందులున్నాయి అని నర్సమ్మ అప్పుడే చెప్పింది.

నీకు చెప్పడానికే మనింటికి వచ్చాను అన్నయ్యా. నువ్వు అరుగు మీద క్యాంపు కాగితం పట్టుకుని కూర్చున్నావు. "సూడే, సున్నా పాయింట్ తొమ్మిది. మనింట్లో ఇంకెవుడికీ ఏటీ రాదు," అన్నావు. వదిన పాయసం వండింది. తిన్నాను, చేతులు కడుక్కుని బస్సెక్కేశాను. ఆ సంతోషం చెడగొట్టలేకపోయానని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నాకూ ఉందని మీ నోట మా అత్తగారికి తెలిస్తే నా కంచం వేరుగా పెడుతుందని భయపడ్డాను. నా కంచం కోసం నిన్ను పోగొట్టుకుంటున్నాను.

అమ్మకి చెప్పొద్దన్నావు. నీ ఉత్తరం చదివి ఏడుస్తుంటే చూసింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు, నీదీ నాదీ అంతా చెప్పేశాను.

"నాకాడ నుంచేనా?" అంది.

తెలిసి ఇచ్చావా అమ్మా అన్నాను.

"నాను తెలీక ఇచ్చినాను. మీరిద్దరూ తెలిసి దాసినారు," అంది.

లేచి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. రేపు పొద్దున్న రైలుకి ఇద్దరం వస్తున్నాం; ఈ రాత్రే అక్కడికి తిరిగొస్తున్న నారాయణరావు చేతికి ఇది ముందుగా ఇస్తున్నాను. నీ దగ్గర ఏమంటుందో నాకు తెలీదు. ఏమన్నా పడు అన్నయ్యా, నేనూ పడతాను.

నీ చెల్లి,
అశ్విని